వేసవి చివర్లో స్నేహితులతో సముద్రానికి: ముందురోజు పులిహోర నుంచి తిరుగు ప్రయాణం దాకా

మే నెలాఖరు వచ్చిందంటే నన్ను అందరూ అడిగేది ఒకటే. "మేం ఎనిమిది మందిమి, కాలేజీలు తెరిచేలోపు సూర్యలంక వెళ్దామనుకుంటున్నాం, ఎన్నింటికి బయల్దేరాలి, తిండి ఏం చేసుకోవాలి, నీళ్ళలో ఎంతదాకా దిగొచ్చు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అంతా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

నేను రాసేది బాపట్ల దగ్గరి సూర్యలంకనీ, చీరాల దగ్గరి వాడరేవునీ మనసులో పెట్టుకుని. నాకు బాగా అలవాటైనవి అవే. మచిలీపట్నం దగ్గరి మంగినపూడికి, నెల్లూరు దగ్గరి మైపాడుకి, నరసాపురం వైపు పేరుపాలెంకి వెళ్ళేవాళ్ళకూ ఇదే వరుస పనికొస్తుంది.

ముందే ఒక మాట. సముద్రం దగ్గర రోజు పాడయ్యేది ఎక్కువగా రెండు కారణాల వల్ల: ఎండకి, పోటుకి ఒక టైము ఉంటుందని మర్చిపోవడం, అందరూ నీళ్ళలోకి దిగి ఒడ్డున ఒక్కరూ లేకపోవడం. కింద రాసినదంతా ఈ రెండూ జరగకుండా చూసుకోవడానికే.

## 1. తేదీ ఖాయం చేసుకోవడం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో వద్దు. మృగశిర కార్తె జూన్ 7, 8 ప్రాంతంలో మొదలవుతుంది, రెండు రాష్ట్రాల్లోనూ బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఈ రెంటి మధ్య నాలుగైదు రోజులే మంచి సమయం. అందులోనూ శని, ఆదివారాలు వదిలేసి మంగళ, బుధవారాలు దొరికితే వదులుకోకండి. ఒడ్డున జనం సగానికి సగం తగ్గుతారు, గదులూ దొరుకుతాయి.

తర్వాత పంచాంగం తీయండి. అమావాస్య, పౌర్ణమి అటూ ఇటూ పోటు ఎక్కువగా ఉంటుంది, అష్టమి, నవమి ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. నీళ్ళలో ఎక్కువసేపు గడపాలనుకుంటే అష్టమి వైపు చూసుకోండి. ఒడ్డున కూర్చుని వెన్నెల చూడటమే ముఖ్యమైతే పౌర్ణమి పెట్టుకోండి, మన తీరం తూర్పు తీరం కాబట్టి ఆ సాయంత్రం సూర్యుడు వెనక ఊళ్ళ మీద దిగుతుంటే చంద్రుడు ఎదురుగా నీళ్ళలోంచి లేస్తాడు. మబ్బు లేకపోతే అంతకంటే ఏం కావాలి! కానీ ఆ రోజు నీళ్ళలో ఆటలు పెట్టుకోవద్దు.

రుతుపవనాలు వచ్చే వేళ కూడా ఇదే. అందుకే తేదీ ఒకటి కాదు, రెండు అనుకోండి. ముందురోజు ఉదయం ఈ మూడూ చూసి వెళ్ళాలో మానాలో తేల్చుకోండి:

- వాతావరణ శాఖ సూచనలో మీ జిల్లాకి పిడుగులు, ఈదురుగాలుల హెచ్చరిక ఉందా
- హైదరాబాద్‌లో ఉండి సముద్రం పరిస్థితి గమనించే ఇంకాయిస్ సంస్థ ఎత్తైన అలల హెచ్చరిక ఏమైనా ఇచ్చిందా
- బీచ్ తెరిచే ఉందా (ప్రమాదాలు జరిగినప్పుడు, అల్పపీడనం ఉన్నప్పుడు పోలీసులు మూసేస్తారు, మీరు దిగబోయే చోటికి ఫోన్ చేస్తే చెప్పేస్తారు)

మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా రెండో తేదీకి మార్చుకోండి. "గది బుక్ చేశాం కదా, డబ్బు పోతుంది కదా" అని బయల్దేరకండి.

## 2. ఎవరెవరు, ఎవరికి ఏ పని

ఆరుగురి నుంచి పది మంది వరకు బాగుంటుంది. పది దాటితే రెండు గుంపులైపోతారు, ఎవరు ఎక్కడున్నారో తెలీదు.

వెళ్ళాలని అనుకున్న రోజే పనులు పంచేయండి, నోటిమాటగా కాదు, గ్రూపులో రాసి పెట్టండి:

- డబ్బు చూసేవాళ్ళు ఒకరు. అందరి దగ్గరా సమానంగా ముందే వసూలు చేయాలి. కొంత నగదు తప్పనిసరి, ఒడ్డున సిగ్నల్ సరిగా లేక ఫోన్‌తో డబ్బు పంపడం కుదరని సందర్భాలు చాలా వస్తాయి.
- తిండి, నీళ్ళు చూసేవాళ్ళు ఇద్దరు.
- బండి నడిపేవాళ్ళు ఇద్దరు, ఒక్కరే అయితే తిరుగు ప్రయాణంలో నిద్ర ముంచుకొస్తుంది.
- కాపలా మనిషి. దీని గురించి ఏడో అంశంలో వివరంగా రాశాను, ఇది అన్నిటికంటే ముఖ్యం.

ఈత ఎవరికి వచ్చు, ఎవరికి రాదు, ఆస్తమా, ఫిట్స్, గుండె సమస్య లాంటివి ఎవరికైనా ఉన్నాయా అని ఇప్పుడే అడిగేయండి. మొహమాటపడే విషయం కాదు ఇది. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈతని "ఈత వచ్చు" కింద లెక్కేయకండి, అలల్లో దాని లెక్క వేరు.

## 3. ప్రయాణం, బస

బాపట్ల, చీరాల రెండూ విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే రైలు మార్గంలోనే ఉన్నాయి. స్టేషన్ నుంచి సూర్యలంకకైనా, వాడరేవుకైనా పది కిలోమీటర్ల లోపే, ఆటోలు ఉంటాయి. గుంటూరు, విజయవాడ వాళ్ళు తెల్లవారుజామున బయల్దేరి కూడా రావచ్చు.

హైదరాబాద్ వాళ్ళకి మాత్రం నా మాట ఒకటే: రాత్రంతా బండి నడిపి, తెల్లారేసరికి ఒడ్డుకి చేరి, ఆ కళ్ళమంటతోనే నీళ్ళలోకి దిగొద్దు. మూడొందల కిలోమీటర్ల పైమాట ప్రయాణం అది. ముందురోజు మధ్యాహ్నానికి బయల్దేరి రాత్రికి బాపట్లలోనో చీరాలలోనో పడుకోండి. సూర్యలంకలో పర్యాటక శాఖ వాళ్ళ హరిత రిసార్ట్ ఒడ్డునే ఉంది, అది దొరక్కపోతే ఊళ్ళో లాడ్జీలు ఉంటాయి. ఒక్క గది తీసుకున్నా చాలు, స్నానానికి, మధ్యాహ్నం నడుం వాల్చడానికి ఒక చోటు ఉండాలి. గది లేకుండా రోజంతా ఇసుకలో గడుపుదామనుకున్న వాళ్ళందరూ పన్నెండింటికల్లా ఇంటిదారి పడతారు.

## 4. ముందురోజు వంట

సముద్రపు గాలికి ఆకలి దంచేస్తుంది. ఉదయం టిఫిన్‌కి పులిహోరకి మించింది లేదు. ఎనిమిది మందికి కిలోంపావు బియ్యం సరిపోతుంది, కిలోకి వంద గ్రాముల పైచిలుకు చింతపండు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు వేడి మీద కలిపి వేడి మీదే డబ్బాలో కుక్కేయడం. మూతకి ఆవిరి పట్టి, ఆ నీళ్ళు మళ్ళీ అన్నంలోకి కారి, తెల్లారేసరికి జిగురు వస్తుంది. ఇలా చేయండి:

1. అన్నం కాస్త పలుకుగా వండి, వెడల్పాటి తాంబాళంలో పరిచేయండి. పైన పసుపు, రెండు గరిటెల పచ్చి నూనె, ఒక రెమ్మ కరివేపాకు వేసి ఫ్యాన్ కింద వదిలేయండి. గరిటెతో కెలక్కండి, మెతుకు విరుగుతుంది.
2. చింతపండు గుజ్జులో పచ్చిమిర్చి, ఉప్పు, బెల్లం ముక్క వేసి నూనె అంచుల్లో తేలేదాకా ఉడికించండి. పులుసు ఎంత దగ్గర పడితే అంత నిలవ ఉంటుంది.
3. అరచెయ్యి అన్నం మధ్యలోకి పెట్టి చూడండి. అంచులు చల్లగా ఉన్నా మధ్యలో వెచ్చదనం ఉంటుంది చాలాసార్లు. అది కూడా పోయాకే పులుసు, పోపు కలపండి.
4. డబ్బాలో సర్దాక ఇంకో పావుగంట మూత తీసే ఉంచండి.

ఉదయం తొమ్మిదిలోపు తినేయాలి, మధ్యాహ్నానికి దాచుకోకూడదు. దూరం నుంచి వచ్చేవాళ్ళు పులుసొక్కటే సీసాలో తెచ్చుకుని, ఉదయాన్నే హోటల్లో తెల్లన్నం కొని కలుపుకోవడం ఇంకా మంచిది. దద్దోజనం తేవద్దు, ఈ ఎండకి పులిసిపోతుంది.

దీనితోపాటు జంతికలు, ఉడకబెట్టిన వేరుశనగలు, కోసిన మామిడికాయ ముక్కలకి ఉప్పుకారం పొట్లం. పళ్ళయితే రసాలు తెచ్చుకోండి, కొయ్యక్కర్లేదు, కత్తి అవసరం లేదు, పిసికి జుర్రేయడమే, చేతులు కడుక్కోవడానికి ఎదురుగా సముద్రం ఉంది.

రెండు లీటర్ల సీసాలు నాలుగు ముందురాత్రి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి. థర్మాకోల్ పెట్టెలో వాటిని పెడితే ఐసుకి ఐసు, కరిగాక తాగడానికి నీళ్ళు.

## 5. సంచీలో ఏముండాలి

మనిషికి రోజుకి నాలుగు లీటర్ల తాగునీళ్ళు లెక్కేయండి. ఎనిమిది మందికి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, మిగిలినవి కాళ్ళు చేతులు కడుక్కోవడానికి. క్యాన్ల మూతలు గట్టిగా బిగిసేవి చూసుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను.

అందరికీ కలిపి:

- తాగునీళ్ళు, మజ్జిగ ప్యాకెట్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది
- ఇరవై మీటర్ల నైలాన్ తాడు
- విజిల్ ఒకటి
- పెద్ద పట్టా ఒకటి, పాత దుప్పట్లు రెండు
- దూది, బ్యాండేజీ, డెటాల్, నొప్పి మాత్రలు, పట్టకారు
- టార్చిలైటు, పవర్ బ్యాంకు
- చెత్తకి పెద్ద సంచులు నాలుగు

ఎవరికి వాళ్ళు:

- రెండు జతల కాటన్ బట్టలు, తువ్వాలు, టోపీ
- ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువున్న సన్‌స్క్రీన్
- రబ్బరు చెప్పులు (బూట్లు వద్దు)
- ఫోన్‌కి నీళ్ళు పోని కవరు
- రోజూ వేసుకునే మందులు

నీళ్ళలోకి దిగేటప్పుడు ఏ రంగు బట్టలు వేసుకుంటారన్నది చిన్న విషయం కాదు. నీలం, బూడిద, తెలుపు నీళ్ళలో, నురగలో కలిసిపోతాయి. ఎరుపు, నారింజ, చిలకపచ్చ దూరం నుంచి కనిపిస్తాయి. చీరలు, చున్నీలు, జీన్స్ ప్యాంట్లు తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి, వాటితో మోకాలి లోతు కూడా దిగొద్దు.

గొలుసులు, ఉంగరాలు ఇంట్లోనే. బండి తాళం జేబులో పెట్టుకుని నీళ్ళలో దిగొద్దు. ఒకసారి మా బండి తాళం అలా జారిపోయింది, ముగ్గురం గంటన్నర ఇసుక జల్లెడ పట్టినా దొరకలేదు, ఇంటి నుంచి రెండో తాళం బస్సులో తెప్పించుకునేసరికి రాత్రయింది. తాళం కాపలా మనిషి మెడలో ఉండాలి, తాడుకి కట్టి.

## 6. రోజు ఎలా నడవాలి

మన తీరంలో సూర్యుడు నీళ్ళలోంచి పుడతాడు, నీళ్ళలో మునగడు. "సన్‌సెట్ చూద్దాం" అని సాయంత్రం నాలుగింటికి చేరేవాళ్ళు రోజులో బంగారం లాంటి మూడు గంటలు పోగొట్టుకుంటున్నారు. జూన్ మొదట్లో ఐదున్నర దాటాక పొద్దు పొడుస్తుంది. దానికి తగ్గట్టు:

- 4.45: లేవడం, టీ, సన్‌స్క్రీన్ రాసుకోవడం (ఎండలోకి వెళ్ళే పావుగంట, ఇరవై నిమిషాల ముందే రాయాలి)
- 5.15: ఒడ్డుకి
- 6.00 నుంచి 8.30: నీళ్ళలో ఆటలు, మధ్యలో రెండుసార్లు అందరూ బయటికి
- 8.30: పులిహోర, ఆ వెంటనే గదికి
- 10.00 నుంచి 3.30: నీడలోనే
- 4.00: మళ్ళీ ఒడ్డుకి
- 5.30: నీళ్ళలోంచి ఆఖరి మనిషి బయటికి, ఆ తర్వాత ఎవరూ దిగరు
- 7.00: రాత్రి భోజనం
- 9.00: గదికి

ఐదున్నరకి బయటికి వచ్చేయాలంటే ఎవరికీ నచ్చదు, ఇంకా వెలుతురు ఉంది కదా అంటారు. కానీ పొద్దు వాలాక నీళ్ళలో తల ఏదో, అల ఏదో ఒడ్డున ఉన్నవాళ్ళకి తేడా తెలియడం మానేస్తుంది. ఈ ఒక్క టైము మీద బేరాలు వద్దు.

## 7. నీళ్ళలోకి దిగేముందు

కింద చెప్పే వరుస ప్రతిసారీ పాటించండి, పదోసారి వెళ్ళినా సరే.

మొదట పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. అలలు ఎక్కడ విరుగుతున్నాయి, ఎక్కడ విరగడం లేదు? రెండువైపులా తెల్లగా నురగ ఉండి, మధ్యలో ఒక పట్టీలా నీళ్ళు నల్లగా, ప్రశాంతంగా ఉన్నాయంటే అది ఆడుకోవడానికి మంచి చోటులా కనిపిస్తుంది. అదే ప్రమాదం. ఒడ్డుకి వచ్చిన నీరంతా మళ్ళీ లోపలికి పోయేది ఆ దారినే. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఒక పుల్ల విసిరి చూడండి, ఒడ్డుకి రాకుండా నేరుగా లోపలికి పోతుంటే ఆ చోటు వదిలేసి దూరంగా జరగండి.

అక్కడివాళ్ళని అడగండి. వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన ఎవరైనా కనిపిస్తే "అన్నా, ఇవాళ లాగుడు ఎట్లా ఉంది, గుంటలు ఎక్కడున్నాయి" అని అడిగితే చాలు, చెయ్యి చాపి చూపిస్తారు. ఇసుక అడుగు ఎప్పుడూ ఒకేలా ఉండదు, నిన్న మోకాలి లోతు ఉన్నచోట ఇవాళ గొయ్యి ఉండొచ్చు. గజ ఈతగాళ్ళు, పోలీసులు ఉన్న చోటే దిగండి. ఎర్ర జెండాలు పాతిన చోటు దాటొద్దు.

మొదట చీలమండ లోతులో నిలబడండి. అల వెనక్కి పోతున్నప్పుడు మడమల కింద ఇసుక ఎంత వేగంగా జారిపోతోందో గమనించండి. కొద్దికొద్దిగా గిలిగింతలు పెట్టినట్టు జారితే మామూలే. ఒక్క అలకే మడమ కింద గుంట పడి, మనిషి వెనక్కి తూలేంత లాగుతుంటే ఆ పూట నీళ్ళు ఆడుకునేవి కావు. కాళ్ళు తడుపుకుని వచ్చేయండి.

నడుం లోతు దాటొద్దు. ఈత వచ్చినవాళ్ళకీ ఇదే లెక్క. ఈత రానివాళ్ళకి మోకాలి లోతు. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు, వచ్చే అల కనిపించదు.

జోడీలు కట్టండి. ఇద్దరిద్దరు. నా జోడీ ఎక్కడున్నాడో నాకు ఎప్పుడూ తెలియాలి. ఒకరు బయటికొస్తే రెండోవాళ్ళూ రావాలి.

కాపలా మనిషి ఒడ్డునే ఉండాలి. అరగంటకొకరు మారుతూ ఉండొచ్చు కానీ చోటు ఖాళీగా ఉండకూడదు. ఆ అరగంటా ఫోన్ చూడకూడదు. పని ఒక్కటే, తలలు లెక్కపెట్టడం. ఏడుగురు దిగితే ఏడు తలలు కనిపించాలి. ఆరు కనిపిస్తే వెంటనే విజిల్, విజిల్ వినిపిస్తే ఎందుకని అడక్కుండా అందరూ బయటికి. దగ్గరలో తాడు, ఖాళీ క్యాను ఉండాలి.

ఈ పద్ధతి ఎందుకు పెట్టుకున్నామో చెప్తాను. కొన్నేళ్ళ కిందట మేం అందరం దిగాం, ఒడ్డున చెప్పుల కుప్ప తప్ప ఎవరూ లేరు. నవ్వుకుంటూ, అలలకి ఎగురుతూ ఉన్నాం. ఒక స్నేహితుడు నడుం లోతులోనే ఉన్నాడు, లోపలికి పోలేదు, కానీ ప్రతి అలకీ అడుగు అడుగు పక్కకి జరిగిపోయాడు. మాకు తెలీదు, వాడికీ తెలీదు. పడవ పక్కన కూర్చున్న ఒక మత్స్యకారుడు లేచి కేక వేస్తే తలతిప్పి చూశాం. అప్పటికి వాడు చేతులు పైకెత్తి ఉన్నాడు, నోట్లోంచి మాట రావడం లేదు. ఆయనే ఈదుకుంటూ వెళ్ళి తెచ్చాడు. మునిగేవాళ్ళు అరుస్తారని మనం అనుకుంటాం. ఎక్కువసార్లు అరవలేరు, నిశ్శబ్దంగా మునుగుతారు. అందుకే చెవులతో కాదు, కళ్ళతో కాపలా కాయాలి.

మందు విషయం. తాగినవాళ్ళు నీళ్ళలోకి దిగొద్దు, ముందురాత్రి బాగా తాగి సరిగా నిద్రపోనివాళ్ళు కూడా. బహిరంగంగా తాగడం నేరం కూడా. దీని మీద మీ గుంపులో ముందే ఒప్పందం ఉంటేనే బయల్దేరండి.

## 8. తేడా వస్తే ఏం చేయాలి

నీళ్ళు మిమ్మల్ని లోపలికి లాగుతుంటే: ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. వెల్లకిలా తేలండి, ఒక చెయ్యి పైకెత్తండి. ఆ లాగుడు పట్టీ సన్నగానే ఉంటుంది. కాస్త ఊపిరి అందాక ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి, లాగుడు తగ్గాక, అలలు విరిగే చోటు నుంచి ఒడ్డుకి రండి.

వేరేవాళ్ళు కొట్టుకుపోతుంటే: వెంటనే దూకొద్దు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోవడం మనం పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు! విజిల్ ఊదండి, గజ ఈతగాళ్ళని, మత్స్యకారులని పిలవండి, 112కి ఫోన్ చేయండి. ఖాళీ ఇరవై లీటర్ల క్యానుకి మూత బిగించి, తాడు కట్టి విసరండి. అది పట్టుకుంటే మనిషి తేలతాడు.

ఒడ్డుకి తెచ్చాక ఊపిరి లేకపోతే: పొట్ట మీద నొక్కడం, తలకిందులుగా పట్టుకోవడం, భుజాన వేసుకుని తిప్పడం ఇవేవీ చేయొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి రెండుసార్లు ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా 30 సార్లు నొక్కండి, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో. మళ్ళీ రెండు ఊపిర్లు. 108 వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే, నీళ్ళు మింగిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

జెల్లీ ఫిష్ కుడితే: రుద్దొద్దు, మంచినీళ్ళతో కడగొద్దు. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని పట్టకారుతో తీయండి. ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు పెడితే మంట తగ్గుతుంది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకండి.

వడదెబ్బ: తలనొప్పి, వాంతి, తిమ్మిర్లు మొదలైతే నీడలోకి తెచ్చి, తడిబట్టతో తుడుస్తూ ఓఆర్‌ఎస్ తాగించండి (ఒక పెద్ద ప్యాకెట్‌కి లీటరు నీళ్ళు, తక్కువ నీళ్ళలో చిక్కగా కలపొద్దు). పొంతన లేకుండా మాట్లాడుతుంటే నోట్లో ఏమీ పోయకుండా, ఒళ్ళు తడుపుతూ, గాలి తగిలేలా చూస్తూ 108కి ఫోన్ చేయండి.

ఉరిమితే: తీరంలో అందరికంటే ఎత్తుగా ఉండేది మీరే. నీళ్ళలోంచి వెంటనే బయటికొచ్చి గదిలోకో, కారులోకో వెళ్ళండి. సరుగుడు చెట్ల కింద నిలబడొద్దు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. దామిని యాప్ ఫోన్‌లో ఉంటే పిడుగులు ఎంత దూరంలో పడుతున్నాయో ముందే తెలుస్తుంది.

## 9. మధ్యాహ్నం

పడుకోండి. నిజంగా చెప్తున్నాను, పది నుంచి మూడున్నర దాకా బయట తిరగడానికి ఏమీ లేదు, ఇసుక అరికాళ్ళు కాలుస్తుంది. ఉప్పు నీళ్ళు పోయేలా స్నానం చేసి, మజ్జిగ తాగి, తేలిగ్గా భోంచేసి నిద్రపోతే సాయంత్రం అందరి ముఖాలూ తాజాగా ఉంటాయి. లేచాక సన్‌స్క్రీన్ మళ్ళీ రాసుకోండి, ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి రాయాల్సిందే.

## 10. సాయంత్రం చేపలు

మృగశిరకి చేపలు తినడం మనకి అలవాటే కదా. కానీ ఒక సంగతి తెలియాలి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు వేటకి వెళ్ళవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం. అంటే ఆ రోజుల్లో "తాజా వంజరం, ఇవాళ్టిదే" అని ఎవరైనా పెద్ద చేప చూపిస్తే రెండుసార్లు ఆలోచించండి, ఐసులో ఎన్నాళ్ళుందో. ఇంజిన్ లేని చిన్న పడవలవాళ్ళు తెచ్చే చిన్న చేపలు ఉంటే తీసుకోండి, లేదా చెరువు రొయ్యలు తీసుకోండి. బాపట్ల చుట్టుపక్కల రొయ్యలకి కొదవ లేదు.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి, లోపలికి పోయి తెల్లబడకూడదు
- మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి
- వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి
- రొయ్య తల ఒంటికి గట్టిగా అతుక్కుని ఉండాలి, తల నల్లబడితే వద్దు

ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట ఐసు పెట్టెలో పెట్టండి. కాల్చడం ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. సాయంత్రం గాలి సముద్రం మీంచి ఊరి వైపు వీస్తుంది, నిప్పురవ్వలు నేరుగా సరుగుడు తోటల్లోకి పోతాయి, కింద ఎండిన సరుగుడు ఆకు అగ్గిపుల్లకే అంటుకునేలా ఉంటుంది. అందుకే ఒడ్డున మంట పెట్టొద్దనే నా మాట. బీచ్ దగ్గరి చిన్న హోటళ్ళలో అడిగితే మీరు తెచ్చినవి పెనం మీద వేయించి ఇస్తారు, రుచి కూడా మన చేతి వంటకంటే బాగుంటుంది. దిగిన చోట పెరడు ఉండి, వాళ్ళు సరేనంటే అక్కడ రెండు కిలోల బొగ్గుతో కాల్చుకోండి.

బొగ్గు మీద చేసేవాళ్ళు తొందరపడొద్దు. మంట లేస్తుండగానే చేప పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. అరగంట ఆగి, బొగ్గు మీద బూడిద తెల్లగా పట్టాక పెట్టండి. రొయ్యలకి ఒక్కో వైపు రెండు, మూడు నిమిషాలు చాలు, వంగి ఎర్రబడితే తీసేయాలి, ఇంకా ఉంచితే రబ్బరు. అయిపోయాక నిప్పు మీద ఇసుక కప్పి వదలొద్దు, ఇసుక కింద బొగ్గు గంటలకొద్దీ రగులుతూనే ఉంటుంది, ఉదయం ఏ పిల్లాడో ఉత్తకాళ్ళతో తొక్కుతాడు. నీళ్ళు పోసి, కెలికి, మళ్ళీ పోసి, పైన చెయ్యి ఆనించి చూసి లేవండి.

భోజనాలయ్యాక ఒడ్డుకి వెళ్ళి కూర్చోండి, తడి ఇసుకకి పది అడుగుల ఇవతల. స్పీకర్లు తేవద్దని మేం నిర్ణయించుకున్నాం, పాడగలిగినవాళ్ళు పాడతారు, మిగిలినవాళ్ళు వింటారు. కాలేజీ అయిపోయి ఒక్కొక్కరు ఒక్కో ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు గుంపులో ఉంటే ఈ గంట కోసమే ఇంత ఏర్పాటు. టైము చూసుకోకండి ఆ గంటలో.

## 11. ఎక్కువగా అడిగే చిక్కులు

ఫోన్ ఉప్పు నీళ్ళలో పడింది. వెంటనే ఆపేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు. మంచినీళ్ళలో తడిపిన గుడ్డతో పైన తుడిచి, ఆరనిచ్చి, రిపేరు షాపుకి ఇవ్వండి. బియ్యంలో పెడితే ఉప్పు పోదు.

తొడలు ఒరుసుకుని మంట. తడి బట్టలతో ఇసుకలో కూర్చోవడం వల్ల. మంచినీళ్ళతో కడిగి, పొడిగా తుడిచి, కొబ్బరినూనె రాయండి. దిగేముందే రాసుకుంటే అసలు రాదు.

ఒకరిద్దరు అలిగారు. డబ్బు గురించో, పని గురించో అయి ఉంటుంది. లెక్క అదే రాత్రి అందరి ముందూ చదివేయండి, ఇంటికెళ్ళాక పంపుతామనొద్దు.

## 12. బయల్దేరేముందు

- కూర్చున్న చోట నాలుగువైపులా పది అడుగులు టార్చితో చూడండి: సీసా మూతలు, చాక్లెట్ కాగితాలు, మామిడి టెంకలు కూడా
- చెత్త సంచులు ఊళ్ళో చెత్తకుండీ దాకా మీతోనే, ఒడ్డున గుట్టగా పెట్టి వదిలితే రాత్రి కుక్కలు చింపుతాయి, పోటుకి సముద్రంలోకి పోతుంది
- మూలన పెట్టిన తడి బట్టలు విడి సంచీలో
- తలల లెక్క ఆఖరిసారి, బండి తాళం ఎవరి మెడలో ఉందో చూసుకుని

రాత్రికి రాత్రే వెళ్ళకుండా గదిలో పడుకుని ఉదయం బయల్దేరండి. తప్పదనుకుంటే బండి నడిపేవాళ్ళిద్దరూ మధ్యాహ్నం నిద్రపోయినవాళ్ళే అయి ఉండాలి. ఇంటికి చేరగానే బండి చక్రాల దగ్గర, కింద భాగంలో మంచినీళ్ళు గట్టిగా కొట్టి కడిగించండి, ఉప్పుగాలి తగిలిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. తాడు, పట్టా కూడా మంచినీళ్ళలో జాడించి, నీడన ఆరేసి, విజిల్‌తో కలిపి ఒకే సంచీలో కట్టి అటక మీద పెట్టేయండి.